యూత్ క్యాంపులో వాలంటీరు పని: ముందు నీళ్ళు, తర్వాతే మైకు

మే నెలలో కోస్తాలో చర్చి తరఫున నాలుగు రోజుల యూత్ క్యాంపు అంటే, వర్తమానం (ప్రసంగం) ఇచ్చే దైవజనుల పేర్లు రెండు నెలల ముందే కరపత్రం ఎక్కుతాయి. నీళ్ళ లెక్క మాత్రం ముందురోజు సాయంత్రం దాకా ఎవరికీ గుర్తురాదు. క్యాంపు నడిచేదీ, ఆగేదీ ఆ లెక్క మీదే.

పిల్లలు 100, వాలంటీర్లు 20 అనుకుందాం. ఆ ఎండలో తాగడానికి మనిషికి రోజుకు 4 నుంచి 5 లీటర్లు కావాలి, అంటే 20 లీటర్ల టిన్నులు 25 నుంచి 30 దాకా. స్నానాలకూ మరుగుదొడ్లకూ మనిషికి 50 లీటర్లు వేసుకున్నా రోజుకు 6,000. రెండు వేల లీటర్ల ట్యాంకైతే మూడుసార్లు నింపాలి. మధ్యలో కరెంటు పోతుంది కాబట్టి మొదటిసారి తెల్లవారుజామున మూడింటికే మోటారు వేసేయాలి. ట్యాంకులో వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు చాలు. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేటనే పొయ్యాలి, అరగంట ఆగాలి. ఘాటు పోయిన పాత పౌడరు పనిచెయ్యదు.

స్నానాల దగ్గరే పొద్దుటి గొడవంతా. అరవై మంది అబ్బాయిలకు ఆరు గదులుంటే, మనిషికి ఆరు నిమిషాల చొప్పున గంట పడుతుంది. ఐదుంపావుకి మొదలుపెడితేనే ఆరున్నర ప్రార్థనకు అందరూ కూర్చుంటారు. గ్రూపుల వారీగా పంపకపోతే వెనకున్న చిన్నపిల్లలు మూడు రోజులూ స్నానం లేకుండానే గడిపేస్తారు, అడిగితే చేశామంటారు.

వంటశాల నాలుగింటికి లేస్తుంది. వందమందికి ఉప్మా అంటే రవ్వ 8 కిలోలు. మధ్యాహ్నానికి మనిషికి 150 గ్రాముల లెక్కన 120 మందికి బియ్యం 18 కిలోలు, పప్పుకి కందిపప్పు 5 కిలోలు. ఆ 18 కిలోలూ ఒకే గుండిగలో వేస్తే అడుగు ముద్దై, పైన పలుకుంటుంది. రెండుగా వండి, మొదటి బంతి కూర్చున్నాక రెండోది పొయ్యి మీద పెట్టాలి, అన్నం మిగలదు కూడా. మిగిలితే రాత్రికి పెట్టొద్దు. ఆ వేడిలో గంటల తరబడి ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. పారబోయడానికి మనసొప్పదు, అయినా పారబోయాలి. చికెను ఆఖరి రాత్రి వద్దు, రెండో రోజు మధ్యాహ్నం పెట్టండి. ఎవరికైనా పడకపోతే బస్సులో కాకుండా మన కళ్ళముందే తెలుస్తుంది.

పదకొండు నుంచి నాలుగు దాకా బయట ఆటలు లేవు. బైబిల్ క్విజ్, కోరస్‌లు, గ్రూపు చర్చలు ఆ వేళకే ఉంచాలి. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్ళు, ఉప్పు వేసి మజ్జిగ అందుబాటులో పెట్టండి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పొట్లం. అది లేకపోతే లీటరు నీళ్ళలో అంచుకు సమంగా గీసిన ఆరు చెంచాల పంచదార, అలాగే అరచెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచానే. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది ఎండదెబ్బే. నీడకు చేర్చి, తడిగుడ్డలు కప్పి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

రాత్రి కూడిక తొమ్మిదికి ముగియాలి. వాలంటీర్ల ప్రార్థన పన్నెండు దాకా సాగి, మళ్ళీ నాలుగింటికి లేస్తే మూడో రోజుకి గొంతులు పోతాయి, పిల్లల మీద కసురుకుంటారు. ప్రార్థన తగ్గించమని కాదు, వంతులు వేసుకోమని. ప్రతి ఒక్కరికీ ఆరు గంటల నిద్ర దక్కాలి. రాత్రి కూడికలో కన్నీళ్ళతో ప్రార్థనకు ముందుకొచ్చిన పిల్లలతో మర్నాడు పొద్దున్న అల్పాహారం తర్వాత నెమ్మదిగా కూర్చోండి. అలసట తీరాక వాళ్ళు చెప్పేదే అసలు మాట.

అలా కూర్చునేది అందరికీ కనిపించే వరండాలో, అమ్మాయిలతో అక్కలు, అబ్బాయిలతో అన్నలు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. పద్దెనిమిదేళ్ళ లోపు బిడ్డపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపాల్సిందేనని 2012 పోక్సో చట్టం చెబుతోంది. పాస్టర్ గారికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఆఖరి రోజు సంచుల హడావుడిలో రిజిస్టరు పక్కన పెట్టేస్తారు. ఫారంలో ఎవరి పేరుందో వాళ్ళకే బిడ్డను అప్పగించి సంతకం తీసుకోండి. బాబాయినని ఎవరైనా వస్తే ఇంటికి ఫోన్ చేసి కనుక్కునేదాకా బిడ్డను మీ దగ్గరే కూర్చోబెట్టుకోండి.