వట్టి సరస్సు

"అది వట్టి సరస్సు కాదు. ఇంకెప్పుడూ అలా చెప్పకు" అని మా సూపర్‌వైజర్ అతిథుల ముందే నన్ను ఆపింది.

న్యూజిలాండ్‌లోని టౌపోలో, ఒక మోటెల్‌లో నా పని. అగ్నిపర్వతం ఎక్కడని ఒక జంట అడిగితే, దక్షిణాన మంచు కప్పుకున్న రుఅపేహు కొండను చూపించి, "అదిగో. ఇక్కడ ఉన్నది వట్టి సరస్సే, భయం లేదు" అన్నాను. మా సూపర్‌వైజర్ మావోరీ, అంటే అక్కడి మూలవాసి, ఆ నీటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నాకు తల కొట్టేసినట్లయింది.

రెండు రోజులు నాలో నేనే వాదించుకున్నాను. 2,797 మీటర్ల కొండ. 1995లో, 1996లో ఆకాశమంతా బూడిద చిమ్మింది, 2007లో మళ్ళీ ఒకసారి ఉలిక్కిపడింది. దానిని చూపించడంలో తప్పేమిటి? ఎత్తును, కేకను చూసి ఎదుటివారి కోపాన్ని అంచనా వేయడమే కదా మనకు అలవాటు!

తప్పు నాదే. ఆ సరస్సే అగ్నిపర్వతం. సుమారు 25,500 ఏళ్ళ క్రితం అది వెయ్యి ఘన కిలోమీటర్లకు మించిన పదార్థాన్ని వెళ్ళగక్కింది. కింద ఖాళీ అయిన చోట నేల కూలి, ఆ గుంటలో నీరు చేరింది. సుమారు 1,800 ఏళ్ళ క్రితం మళ్ళీ భయంకరంగా పేలింది. ఒడ్డున నేను ఏరుకునే, నీళ్ళలో తేలే తెల్లరాళ్ళు దాని నురుగే.

సరస్సు దక్షిణపు ఒడ్డుకు రుఅపేహు సుమారు 40 కిలోమీటర్లే. రెండింటికీ మూలం ఒక్కటే: కిందికి దూరుతున్న పసిఫిక్ పలక, అంటే సముద్రం అడుగున ఉన్న భూమి పైపొర ముక్క. దాని నుంచి వెలువడే నీటి వల్ల పైనున్న శిల కొంత కరుగుతుంది. తేడా అంతా ఆ కరుగు పైకి వచ్చే దారిలో ఉంది. రుఅపేహు కింద అది చిన్న మోతాదుల్లో, దారిలోని రాయిని కొంత కలుపుకుంటూ వచ్చి ఆండెసైట్ అనే ఓ మోస్తరు చిక్కని లావా అవుతుంది. టౌపో దగ్గర నేల సాగి పలచబడింది. అక్కడ వేడి శిలాద్రవం లోపలే నిలిచి, పై నేలనూ కరిగిస్తూ, స్ఫటికాలను వదిలించుకుంటూ రయొలైట్ అనే బాగా జిగట లావాగా చిక్కబడుతుంది. దాన్ని అలా జిగటగా చేసే సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) 70 శాతం దాటుతుంది. చారు మరిగితే ఆవిరి ఇట్టే పోతుంది. చిక్కబడిన జావలో బుడగ చిక్కుకుని, చివరికి ఎగిరి చేయి కాలుస్తుంది. అందుకే రుఅపేహు తరచుగా కసురుకుంటుంది, టౌపో వందల ఏళ్ళు మాట్లాడదు. ఆవిడ ఆ మౌనాన్ని గౌరవించమన్నది. నేను దానిని మంచితనం అనుకున్నాను.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. మాది రాజమండ్రి దగ్గర. చారులాంటి బసాల్ట్ లావా సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పడమటి నుంచి వందల కిలోమీటర్లు పారి, మా వైపు దాకా వచ్చిందట. పంగిడి క్వారీల్లోని నల్లరాయి అదేనని చెప్పాను. మనది పేలని నిప్పు, పారిన నిప్పు అని కాస్త గొప్పగానే అన్నాను.

"ఆ నల్లరాయా? మన ఇంటి పునాదిలో మీ నాన్న వేయించింది అదేరా" అన్నది అమ్మ.