పెంబా దీవి బడుల్లో మూత్రపరీక్షలు: నా అనుభవం

జాంజిబార్‌లోని పెంబా దీవిలో బడిపిల్లల మూత్రం పట్టాలంటే పొద్దున 10 దాటేదాకా ఆగాలి. మూత్రంలో రక్తం పడే సిస్టోసోమియాసిస్ జబ్బు కోసం చేసే పరీక్ష ఇది. అక్కడ స్వాహిలీలో ‘కిచోచో’ అనే ఈ జబ్బుకు కారణం సిస్టోసోమా హెమటోబియం అనే పురుగు. బులినస్ జాతి నత్తల్లోంచి వచ్చే పిల్లపురుగులు చెరువులోనో వాగులోనో దిగిన పిల్లల చర్మంలోంచి లోపలికి దూరతాయి. పెద్దవయ్యాక మూత్రాశయం చుట్టూ ఉన్న సిరల్లో ఉండి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మూత్రంలో ఎక్కువగా పడేది 10కీ 2కీ మధ్యే. బడి మొదలవగానే కప్పులు పంచేస్తే పని త్వరగా తెములుతుంది గానీ, జబ్బున్న పిల్లలు కొందరు లేనివాళ్ళ లెక్కలోకి వెళ్ళిపోతారు.

విరామం గంట కొట్టక ముందే కప్పులు చేతికివ్వాలి. కొట్టాక ఇస్తే అప్పటికే అందరూ వెళ్ళొచ్చేసి ఉంటారు. నంబరు మూత మీద రాయకూడదు, మూతలు మారిపోతాయి. కప్పుకే రాయాలి. మూత్రం కనీసం 10 మి.లీ. కావాలి, చివరి చుక్కలు కూడా కప్పులోనే పడాలి. రక్తం, గుడ్లు ఆ చివర్లోనే ఎక్కువ. మూత్రం రానివాళ్ళు కొందరు నీళ్ళు కలిపి తెస్తారు, పక్కవాడిది పంచుకుంటారు. కప్పు పట్టుకుంటే వెచ్చగా లేకపోతే అనుమానించాలి. ఆ పిల్లల్ని కసరొద్దు. మంచినీళ్ళు తాగించి అరగంట ఆగితే సరిపోతుంది.

ముందు రంగు చూసి రాసుకుంటాం. తర్వాత స్ట్రిప్, అంటే రక్తం ఉంటే రంగు మారే గడి ఉన్న సన్నని పట్టీ. ముంచి, అంచును కప్పుకు తాకించి ఎక్కువైన తడి దులిపి, డబ్బా మీద చెప్పిన సమయానికి చూడాలి. మేం వాడినవాటికి అది 60 సెకన్లు. పసుపు గడి ఆకుపచ్చకు తిరిగితే రక్తం ఉన్నట్టు, ముదురు నీలమైతే బాగా ఎక్కువ. ఆకుపచ్చ రంగు చుక్కలు చుక్కలుగా కనిపించినా రక్తమే, దాన్ని వదిలేయకూడదు. ఐదు నిమిషాలాగి చూస్తే లేనివాళ్ళకూ రంగు తిరిగినట్టుంటుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెడితే తేమ తగిలి పాడవుతాయి. బ్లీచింగ్‌తో కడిగి సరిగా తొలవని కప్పు కూడా రక్తం ఉన్నట్టు చూపిస్తుంది. నెలసరిలో ఉన్న ఆడపిల్లలదీ అంతే. ఆ సంగతి పంతులమ్మతో చాటుగా అడిగించి, వారం పోయాక మళ్ళీ చూడాలి.

గుడ్లు లెక్కపెట్టడానికి వడపోత. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గుడ్లు బరువు, కాసేపట్లో అడుక్కి చేరతాయి. కప్పు బాగా కలపకుండా పైనుంచి సిరంజితో లాగితే ఏమీ దొరకదు. కలిపి 10 మి.లీ. లాగి, 13 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఉన్న హోల్డర్ బిగించి, నిదానంగా నొక్కాలి. బలంగా నొక్కితే ఫిల్టర్ చిరుగుతుంది. తర్వాత సిరంజి విడదీసి గాలి నింపి మళ్ళీ తగిలించి ఊదితే మిగిలిన తడి పోతుంది. ఫిల్టర్‌ను పట్టకారుతో తీసి, గుడ్లు పట్టిన వైపు పైకి ఉండేలా స్లైడ్ మీద పెట్టి గుడ్లకు రంగు పట్టించే లూగాల్ అయోడిన్ ద్రావణం ఒక చుక్క వేస్తాం. మైక్రోస్కోప్ కింద గుడ్డు ఒక కొసన చిన్న ముల్లుతో గోధుమరంగు గింజలా కనిపిస్తుంది. ఆ ముల్లు ఒకసారి చూస్తే మరచిపోం. రక్తపు గడ్డలు అడ్డుపడి 10 మి.లీ. వడియకపోతే వడిసినంతే రాయాలి, అంచనా వేసి పూరించకూడదు. 10 మి.లీ.లో 50 గుడ్లు దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. నైలాన్ ఫిల్టర్లు కడిగి మళ్ళీ వాడొచ్చు గానీ, వాడేముందు మైక్రోస్కోప్ కింద చూసి తీరాలి. నిన్నటి బిడ్డ గుడ్డు ఒకటి మిగిలినా ఈరోజు ఇంకో బిడ్డకు జబ్బు అంటగట్టినట్టే.

మనదేశంలో ఇది లేదనుకుంటాం. కానీ మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని గిమ్వి ఊళ్ళో 1952లో ఇది బయటపడింది. ఆఫ్రికాలో ఉండి వచ్చిన మన తెలుగువాళ్ళ పిల్లలకు ఎర్రమూత్రం అయితే, చెరువుల్లో ఈదారా అని అడగడం అవసరం.

మందు ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకు 40 మి.గ్రా. తూనిక లేనిచోట ఎత్తు కొలిచే గుర్తుల కర్ర చాలు. 110 నుంచి 124 సెంటీమీటర్ల ఎత్తుంటే 600 మి.గ్రా. మాత్ర ఒకటిన్నర, 138 నుంచి 149 అయితే రెండున్నర. ఖాళీ కడుపుతో ఇస్తే కక్కేస్తారు, తిండి పెట్టాకే ఇవ్వాలి. చేదుకు ఉమ్మేసేవాళ్ళుంటారు, మింగేదాకా ఎదుటే నిలబెట్టుకోవాలి. చచ్చిన గుడ్లు ఇంకా కొన్ని వారాలు పడుతూనే ఉంటాయి. అందుకే తిరుగుపరీక్షకు వారంలోనే వెళ్ళకూడదు.