చీనీ తోటకు దిగే కోతుల మంద

మాది వేంపల్లె దగ్గర. గండి ఆంజనేయస్వామి గుడి వైపు కొండల్లోని కోతుల మంద కాపు సమయంలో మా చీనీ తోటకు దిగుతుంది. కాయలు పాడైతే నాకూ కడుపు మండుతుంది. అయినా మొన్న మా బావమరిది "పట్టిచ్చి నల్లమలలో వదిలిపెట్టిద్దాం బావా" అంటే ససేమిరా అన్నాను.

ఇవి బానెట్ మకాక్‌లు. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేవు. రోజూ కళ్లముందు తిరుగుతుంటాయి కాబట్టి వీటికేం కొదవ అనుకుంటాం గానీ, ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వీటిని ముప్పున్న జాతుల్లో చేర్చింది.

మందకు ఆధారం ఆడకోతులే. మగవి వయసొచ్చాక వేరే మందలకు పోతాయి, ఆడవి పుట్టినచోటే ఉండిపోతాయి. తల్లి హోదా కూతురికి వస్తుంది. మా గట్టు మీద చింతచెట్టు కింద చెవి చిరిగిన ముసలి ఆడకోతి కూర్చుందంటే చాలు, ఇంకోటి వచ్చి వెంట్రుకలు పాయలుగా విడదీసి పేలు చూస్తుంది. దాని కూతురి చేతిలో కాయ ఉంటే ఒంట్లో పెద్దవి కూడా లాక్కోవు. అలాంటి మందలో సగాన్ని పట్టుకుపోతే తరాల బంధుత్వం తెగిపోతుంది. మనిషి తిండికి అలవాటుపడినవి ఎక్కడ వదిలినా దగ్గర్లోని ఊరినే వెతుక్కుంటాయి. మన గొడవ ఇంకొకరి నెత్తిన పెట్టినట్టే కదా.

కొండలో వీటి పని వేరు. రేగుపండ్లు గబగబా దవడ సంచుల్లో కుక్కుకుని, దూరంగా ఏ బండ మీదో కూర్చుంటాయి. చేతి వెనక్కితో బుగ్గ నొక్కుతూ ఒక్కోటి నోట్లోకి తెచ్చుకుని, గింజ ఉమ్మేస్తాయి. మర్రి, జువ్వి గింజలైతే పేడతోపాటు పడతాయి. బండల సందుల్లో మొలిచే జువ్వి మొక్కల్లో పిట్టలతోపాటు వీటి చలవా ఉంది. గుడిమెట్ల దగ్గర అరటిపండ్లు దొరుకుతుంటే ఇక కొండెక్కే అవసరమేముంది?

ఈసారి కాపుకు పొద్దునా సాయంత్రమూ కాపలా పెడుతున్నాం. శ్రావణ శనివారాలకు గండికి వచ్చేవాళ్లకు నా మనవి: కోతులకు ఏమీ పెట్టకండి. పళ్లు బయటపెడితే నవ్వుతోందని ఫోన్ పట్టుకుని దగ్గరికి పోకండి, అది ఎక్కువగా భయంతోనే అలా చేస్తుంది. పిల్లలను దాని కళ్లలోకి గుచ్చి చూడనివ్వకండి, దానికి అది కయ్యానికి పిలిచినట్టే.