మొదటి వరుసలో కూర్చుని నసీర్‌ను చూశాం

పృథ్వీ థియేటర్ టికెట్ల మీద సీటు నంబరు ఉండదు. ముందు వచ్చినవాళ్లకు ముందు చోటు. నాటకం మొదలయ్యాక ఎవరు వచ్చినా, ఎంతటివారైనా, లోపలికి రానివ్వరు. ఈ రెండు సంగతులూ తెలిసినదాన్ని కనుక నాటకానికి ఒక రోజు ముందే ముంబయిలో దిగేలా రైలుకు టికెట్ తీసుకున్నాను. అసలే వానాకాలం. పట్టాల మీద నీళ్లు నిలిచి లోకల్ రైళ్లు ఆగిపోవడం ఆ ఊళ్లో ఏటా జరిగేదే. ఇన్నేళ్లుగా ఎదురుచూసి నసీరుద్దీన్ షా నాటకానికి టికెట్లు సంపాదించి, తీరా తలుపు బయట నిలబడి రావడం నావల్ల కాదు.

మా నల్లగొండ జిల్లాలో దొరల గురించి పెద్దవాళ్లు చెప్పుకునే మాటలు వింటూ పెరిగాను. అందుకే ఏనాడో దూరదర్శన్‌లో ‘నిశాంత్’ చూసినప్పుడు అది ఎక్కడో జరిగిన కథ అనిపించలేదు. 1975లో వచ్చిన ఆ సినిమాకు దర్శకుడు మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్. కథ తెలంగాణ పల్లెలోని జమీందారీ కుటుంబానిది. ఆ కుటుంబంలో చిన్న తమ్ముడు విశ్వంగా నసీర్ వేశారు. అన్నల క్రూరత్వం అతనికి లేదు, వాళ్లను కాదనే ధైర్యమూ లేదు. భయపడుతూనే ఘోరంలో భాగమైపోయే మనిషి. అలాంటి వాళ్లను నేను చూశాను. తెర మీద మాత్రం అదే మొదటిసారి. ఆ తర్వాత హైదరాబాద్ నేపథ్యంగా తీసిన ‘బజార్’లోనూ ఆయన్ను చూసి, ఇక ఆయన సినిమా ఏది వచ్చినా వదల్లేదు.

అయితే సినిమాలు ఆయన జీవితంలో సగమే. బెంజమిన్ గిలానీ వంటి మిత్రులతో కలిసి పెట్టుకున్న ‘మోట్లీ’ నాటక బృందం 1979లో తన మొదటి నాటకాన్ని ఇదే పృథ్వీలో ప్రదర్శించింది. సినిమాల్లో ఎంత పేరు వచ్చినా ఆయన ఆ బృందాన్ని వదిలిపెట్టలేదు. ఇప్పుడు డెబ్బై దాటిన వయసులోనూ చిన్న హాలులో, రెండు వందల మంది ముందు నిలబడి కథ చెబుతున్నారు. ఆ మనిషిని ఆ చోటే చూడాలని నా పట్టుదల.

నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తాండూరు దగ్గర నాపరాళ్ల గుట్టలు దాటేసరికి చినుకులు మొదలయ్యాయి. ఎదుటి సీట్లో భివండీ వెళుతున్న వృద్ధ దంపతులు కూర్చున్నారు. వాళ్ల కొడుకు అక్కడ మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడట. సిరిసిల్ల వైపు నుంచి పద్మశాలీలు భివండీకీ, షోలాపూర్‌కూ వలస వెళ్లడం తాతల కాలం నుంచీ ఉన్నదే. రాత్రి షోలాపూర్‌లో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నుంచి “ఇటు రా, ఇటు రా, మన బోగీ ఇదే” అని తెలుగులో కేకలు వినిపించాయి. ఎందుకు వెళుతున్నావని ఆ పెద్దాయన అడిగితే నాటకం చూడటానికని చెప్పాను. “ఎవరు కట్టారు?” అన్నారు వెంటనే. నాటకం అనగానే వేషం కట్టిందెవరని అడిగే మనిషి కనబడి ఎంతకాలమైందో! ఆ తర్వాత చాలాసేపు మా మాటలన్నీ వాళ్ల ఊరి హరిశ్చంద్రుడి గురించే.

షోలాపూర్ తర్వాత నిద్రపోయాను. లోనావాలా ఘాట్ చీకట్లోనే దాటిపోయింది.

తెల్లవారుజామున దాదర్‌లో దిగితే, స్టేషన్ పక్కన పూల బజారు అప్పటికే కిటకిటలాడుతోంది. తడిసిన బంతిపూల వాసన వంతెన మీదికి కొడుతోంది. పిన్ని వాళ్లది వర్లీ. బాబాయి ఉండగా బట్టల మిల్లులో పనిచేసేవారు. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లు మళ్లీ సరిగ్గా నడవలేదు. పిన్ని నలుగురి ఇళ్లలో వంటలు చేసి పిల్లలను చదివించింది. నేను రెండు టికెట్లు కొన్నది ఆమె కోసమే.

“నాటకమంటే మీ నాన్న వేసేవాడే, అలాంటిదా?” అంది.

“పద్యాలు ఉండవు పిన్నీ. కథ చెబుతారు.”

“కథకు ఇంత దూరం వచ్చావా తల్లీ! సరే, పద. నసీరుద్దీన్ షా అంటే నాకూ ఇష్టమే.”

మర్నాడు మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇవ్వగానే బయలుదేరాం. ప్రభాదేవిలో లోకల్ ఎక్కి విలే పార్లేలో దిగి, అక్కడి నుంచి ఆటోలో జుహూ. జుహూ చర్చి రోడ్డు నుంచి జానకీ కుటీర్ అనే సందులోకి తిరిగితే పృథ్వీ. కొత్తవాళ్లయితే దాటి వెళ్లిపోతారు, అంత చిన్న గేటు. లోపల చెట్ల కింద బల్లలు, వాన పడకుండా పైన కప్పు, చిన్న పుస్తకాల దుకాణం. ఒక బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కాగితాలు పట్టుకుని సంభాషణలు వల్లె వేసుకుంటున్నారు. వాళ్లను ఎవరూ వింతగా చూడటం లేదు.

ఈ థియేటర్ వెనక ఒక తండ్రి కోరిక ఉంది. పృథ్వీరాజ్ కపూర్ 1944లో పృథ్వీ థియేటర్స్ అనే సంచార నాటక సంస్థ పెట్టి పదహారేళ్లు ఊరూరా తిరిగారు. సినిమాల్లో సంపాదించింది దాని మీద ఖర్చు పెట్టారు. సొంత హాలు మాత్రం కట్టుకోలేకపోయారు. 1972లో ఆయన పోయారు. కొడుకు శశి కపూర్, కోడలు జెన్నిఫర్ కెండల్ కలిసి 1978 నవంబరులో ఈ థియేటర్ తెరిచారు. జెన్నిఫర్ కూడా సంచార నాటక కుటుంబంలో పుట్టినావిడే. నాటకం మీద బతికినవాళ్లు కట్టిన హాలు అని లోపల అడుగుపెట్టగానే తెలుస్తుంది. వేదిక ఎత్తుగా ఉండదు. నేల మీదే ఉంటుంది. దానికి మూడు వైపులా ప్రేక్షకుల వరుసలు మెట్లలా పైకి లేస్తాయి. ఎక్కడ కూర్చున్నా నటుడి కనుబొమ్మ కదలిక కనిపిస్తుంది. మైకు అక్కర్లేదు.

తలుపు తీయడానికి చాలా ముందే వరుసలో నిలబడ్డాం. పిన్ని మోకాళ్ల నొప్పి చూసి ముందున్న ఒక కాలేజీ అమ్మాయి తన చోటు ఇచ్చి, వెళ్లి సులేమానీ చాయ్ కూడా తెచ్చి పెట్టింది. ఆ అమ్మాయి ఈ నాటకం ఇదివరకే చూసిందట. “నసీర్ భాగం చివరిది. అప్పటిదాకా మిగతా ఇద్దరినీ తక్కువగా చూడకండి” అని హిందీలో నాతో చెప్పింది. మంచి మాట చెప్పింది. ఆ పిల్ల పుణ్యమా అని మాకు మొదటి వరుసలోనే చోటు దొరికింది. కాళ్లు చాపితే వేదిక మీద పెట్టినట్టే.

నాటకం ‘ఇస్మత్ ఆపా కే నామ్’. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ రాసిన మూడు కథలను ముగ్గురు చెబుతారు. నాటకీకరణ లేదు, కథలో మాట మార్చరు. ఆమె రాసింది రాసినట్టే నోటితో చెబుతూ, అందులోని మనుషులందరూ తామే అవుతారు. 1940లలో ఒక కథకు అశ్లీలమని లాహోర్ కోర్టులో కేసు వేస్తే క్షమాపణ చెప్పకుండా నిలబడి గెలిచిన రచయిత్రి ఇస్మత్.

మొదటి కథ ‘ఛుయీ ముయీ’, చెప్పింది నసీర్ కుమార్తె హీబా షా. కడుపు నిలవని సుకుమారి వదినగారు రైలు పెట్టెలో ఉండగా, ఎక్కడి నుంచో ఎక్కిన ఒక పేదరాలు అదే పెట్టెలో బిడ్డను కని, తనే బొడ్డు కోసుకుని లేచి కూర్చుంటుంది. పక్కన పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో కథ ‘మొగల్ బచ్చా’, నసీర్ భార్య రత్నా పాఠక్ షాది. నల్లని కాలే మియాకు తెల్లని గోరీ బీతో పెళ్లి. ముసుగు నువ్వే ఎత్తుకో అంటాడు పెళ్లికొడుకు. ఎత్తదు. కోపంతో వెళ్లిపోతాడు. ఆ పంతంలోనే ఇద్దరి జీవితాలూ తెల్లారిపోతాయి. ముసలి నౌకరు గొంతు నుంచి పెళ్లికూతురి మౌనానికి రత్నా పాఠక్ ఎలా వెళ్లారో, మళ్లీ ఎలా వచ్చారో పట్టుకోలేకపోయాను. కాలేజీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం.

తర్వాత నసీర్ వచ్చారు.

కథ ‘ఘర్‌వాలీ’, అంటే ఇల్లాలు. ఒంటరి మీర్జా ఇంట్లో పనికి చేరిన లాజో వీధుల్లో పెరిగిన అనాథ. ఊళ్లో మగవాళ్ల కళ్లన్నీ ఆమె మీదే. ఆమెకు మాత్రం ఆ ఇంటి మీద ప్రేమ. గూట్లో దీపం, వంటింట్లో గిన్నెలు అన్నీ తనవే అనుకుంటుంది. మీర్జా ఆమెను పెళ్లాడి, పరువుగల ఇల్లాలు లెహంగా కట్టకూడదని బిగుతు పైజామా వేసుకోమంటాడు. అక్కడి నుంచి మొదలవుతుంది చిక్కంతా.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన మా ఊరి పద్యనాటకాల్లో చంద్రమతి. నాటకం రోజు మీసం తీసేసి, ముఖానికి అర్దళం పూసుకుని, సవరం పెట్టి, అమ్మ పట్టుచీర కట్టుకుని పెట్రోమాక్స్ వెలుగులోకి వచ్చేసరికి నేను కూడా గుర్తుపట్టలేకపోయేదాన్ని. స్థానం నరసింహారావు గారి పేరు ఎత్తితే నాన్న రెండు చేతులూ జోడించేవారు. సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ మహానటుడు స్త్రీ పాత్రలకు మన దగ్గర ఎంత గౌరవం తెచ్చారో నాన్న నోట విన్నాను. ఆ విద్యలో ఆహార్యం సగం. చీర కట్టులో, నడకలో, గొంతులో మగతనం ఎక్కడా తొంగి చూడకూడదు.

నా ముందున్న నసీర్ అవేవీ చేయలేదు. నెరిసిన గడ్డం గడ్డంలాగే ఉంది. గొంతు సన్నగా మార్చలేదు, నడుము తిప్పలేదు. ఒక వాక్యం మధ్యలో గడ్డం కాస్త పైకెత్తి, కళ్లలో ఒక నిర్లక్ష్యపు నవ్వు తెచ్చుకున్నారు, అంతే. ఎదురుగా లాజో ఉంది. ఆ వాక్యం ముగిసేలోపు ఆమె వెళ్లిపోయి, ఆమె వంక చూడాలా వద్దా అని తడబడే మీర్జా వచ్చాడు. నాన్న చీరతో, సవరంతో సాధించినదాన్ని ఈయన చూపుతో సాధించారు. రెండింటిలో ఏది గొప్ప అని నేను తూచను. నాన్న ముందున్నది వెయ్యి మంది జనం, ఎక్కడో వెనక చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా చంద్రమతి కనిపించాలి. ఇక్కడ మా మధ్య ఉన్నది మూడు గజాల దూరం. కానీ నటన అన్నది ఒంటి మీద వేసుకునేది కాదనీ, ఎదుటివాడి ఊహను కదిలిస్తే చాలనీ ఇంత దగ్గరి నుంచి చూడటం నాకు మొదటిసారి.

ఒక్క చోట ఆయన ఆగారు. లాజో తప్పు చేసిందని తెలిసి మీర్జా చేయి చేసుకునే ఘట్టం. అప్పటిదాకా హాలంతా పగలబడి నవ్వుతోంది. నసీర్ గొంతు పెంచలేదు, చేయి ఎత్తలేదు. చెబుతున్న వేగం మాత్రం తగ్గించారు. నవ్వు ఒక్కో వరుసలోనూ ఆరిపోవడం వినిపించింది. ఇదివరకు మనం నవ్విందంతా ఎవరి మీదో అప్పుడు తెలిసింది. ఆ ఉర్దూ నేను హైదరాబాద్‌లో విన్న దక్కనీ కాదు. కొన్ని మాటలు అందలేదు. ఆ క్షణంలో అందాల్సింది మాత్రం ఏదీ తప్పిపోలేదు.

మన పద్యనాటకంలోనైతే ఈపాటికి పది ‘వన్స్‌మోర్’లు పడేవి. నటుడు మళ్లీ రాగం ఎత్తుకుంటే జనం మళ్లీ మురిసిపోయేవారు. అదీ గొప్ప బంధమే. ఇక్కడ ప్రేక్షకులు చివరిదాకా దాచుకున్నారు. అయిపోయాక ముగ్గురూ వచ్చి చేతులు పట్టుకుని వంగి నమస్కరిస్తే హాలు మొత్తం లేచి నిలబడింది. పిన్ని నాకంటే ముందే లేచింది. నేను చప్పట్లు కొడుతూ ఏడుస్తున్నాను. కన్నీళ్లు తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

బయట చెట్ల కింద చాలామంది ఆయన కోసం నిలబడ్డారు. మేం నిలబడలేదు. ఆయనతో ఫొటో తీసుకోవాలనే కోరికతో వెళ్లాననే మాట నిజమే. నాటకం చూశాక ఆ కోరిక లేదు. రెండు గంటలు ఆయన మాకు ఇవ్వాల్సినదంతా ఇచ్చారు. ఇక ఆ అలసిన మనిషిని గేటు దగ్గర పట్టుకుని ఫోను ముఖాన పెట్టడం నాకు భావ్యం అనిపించలేదు.

తిరుగు లోకల్‌లో కూర్చోవడానికి చోటు దొరికింది. మీర్జా పాపం అన్నాను నేను. విడాకులిచ్చాక ఆ పెళ్లే చెల్లదని మతపెద్దలు తేల్చేసరికి, పరువు తిరిగి వచ్చిందని ఊపిరి పీల్చుకునే ఆ మనిషి మీద నాకు జాలి కలిగింది. పిన్ని ఒప్పుకోలేదు.

“ఆయనకేం పోయింది? ఊరి నోరు మూతపడింది, హాయిగా ఉన్నాడు. ఆ పిల్ల మళ్లీ ఎందుకు వచ్చిందో చూశావా? ఆయన కోసం కాదు. ఆ ఇల్లు తనదనుకుంది. ఇంటి కోసం వచ్చింది.”

కథ పేరు ‘ఇల్లాలు’ అని తెలిసి కూడా నేను దాన్ని మీర్జా వైపు నుంచే చూశాను. నలుగురి వంటిళ్లు నడిపిన పిన్ని ఇంటి వైపు నుంచి చూసింది. బాంద్రా దాటి, మాహిమ్ దాటి, ప్రభాదేవి వచ్చేదాకా వాదించుకున్నాం. దిగి, గొడుగు విప్పుతూ అంది: “మళ్లీ ఎప్పుడు వేస్తారో కనుక్కో. మా చాళ్‌లో ఇంకో ఇద్దరు ఉన్నారు, వాళ్లకు కూడా టికెట్లు తీయి. డబ్బు నేనిస్తాను.”