నాలుక చూపించమన్న డాక్టరు

డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టాక ఏడుపు తగ్గింది, నిద్ర కాస్త కుదుటపడింది. బుర్ర మొద్దుబారినట్టుండటం మాత్రం పోలేదు. బాగా తెలిసినవాళ్ల పేర్లు కూడా సమయానికి గుర్తొచ్చేవి కావు. ఒకే పేజీ ఎన్నిసార్లు చదివినా తలకెక్కేది కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చీటికీమాటికీ ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడి, తర్వాత గదిలో కూర్చుని బాధపడేదాన్ని.

"కడుపునిండా తింటే అన్నీ అవే సర్దుకుంటాయే" అనేది అక్క. తినబుద్ధి కావాలి కదా! దిగులు పట్టుకుంటే ముందు చచ్చేది ఆకలే. వండుకునే ఓపిక లేక బిస్కెట్లతో, పాలు కలపని టీతో పూట గడిపేసేదాన్ని. మాంసం, గుడ్లు మొదటినుంచీ అలవాటు లేవు. ఉన్న పాలూ పెరుగూ కూడా వెగటు పుట్టి మానేశాను. ఖాళీ కడుపులో మంట, ఆ మంటకి గ్యాస్ టాబ్లెట్. ఆ టాబ్లెట్ అంతకు ముందునుంచే, ఏళ్ల తరబడి వేసుకుంటున్నదే.

మానసిక వైద్యురాలి దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు డోసు పెంచుతారేమో అనుకున్నా. ఆవిడ అంతా విని, "ఏదీ, నాలుక చూపించండి" అన్నారు. మనసు బాగోలేదని వస్తే నాలుకతో పనేంటో అర్థం కాలేదు. అద్దంలో నేనెప్పుడూ పట్టించుకోలేదు గానీ, నాలుక మీద ఉండాల్సిన గరుకు పోయి ఎర్రగా, నున్నగా తయారైందట. అరికాళ్లలో తిమ్మిర్లున్నాయా అని అడిగారు. ఉన్నాయి, ఎక్కువసేపు కూర్చోవడం వల్లనుకున్నా. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమంటే తూలిపోయాను. తర్వాత ట్యూనింగ్ ఫోర్క్ మోగించి కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, అదురు తెలుస్తోందా అన్నారు. లోహం చల్లగా తగలడం తెలుస్తోంది, అదురు తెలియడం లేదు. చీలమండ దగ్గర పెడితే తెలిసింది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ మరీ తక్కువేం లేదు. విటమిన్ బి12 మాత్రం అడుగంటింది. మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపం కిందే లెక్కేస్తారు, నాది అంతకన్నా బాగా కిందుంది. రక్తహీనత కనిపించకుండానే బి12 లోపం నరాలనీ మెదడునీ దెబ్బతీయగలదని అప్పుడే తెలిసింది.

పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది 2.4 మైక్రోగ్రాములే. కానీ దాని ప్రయాణం పెద్దది. మాంసం, గుడ్లు, పాలు, పెరుగు లాంటి ఆహారంలోంచి అది విడివడాలంటే జీర్ణాశయంలో ఆమ్లం కావాలి. అక్కడే ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా వెళ్తేనే ఒంటికి పడుతుంది. ఆమ్లాన్ని అణిచే గ్యాస్ మాత్రలు ఏళ్లకేళ్లు వాడితే మొదటి మెట్టు దగ్గరే దెబ్బ. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కూడా దీన్ని ఒంటికి పట్టనివ్వకపోవచ్చు. కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం చడీచప్పుడూ లేకుండా వస్తుంది.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మందు ఎర్రగా ఉంటుంది, బి12లో కోబాల్ట్ ఉంటుంది మరి. 1926లో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఇలాంటి జబ్బుకే రోగులచేత రోజూ పావు కిలో దాకా కాలేయం తినిపించి బతికించారట. అది చదివాక సూది నొప్పి గురించి సణగడం మానేశాను.

ముందు నాలుక బాగైంది, ఆ తర్వాత ఆయాసం తగ్గింది. తిమ్మిర్లు మొదట్లో ఎక్కువై భయపెట్టాయి, పోను పోను తగ్గాయి. పేర్లు గుర్తుకు రావడం అన్నిటికన్నా ఆలస్యం. బొటనవేలికి అదురు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

దిగులు సంగతి వేరు. బి12 నిండాక కూడా అది ఉంది, మందులు కొనసాగాయి. ఇక్కడే జనంతో నాకు చిరాకు. "అదంతా తిండి లోపమే, ఆ మాత్రలు అవతల పారెయ్" అనేవాళ్లు కొందరు. "తిండికీ మనసుకీ ఏం సంబంధం, మనసు గట్టిచేసుకో" అనేవాళ్లు కొందరు. 2017లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్న 67 మందిలో కొందరికి 12 వారాలపాటు డైటీషియన్ సాయంతో ఆహారం మార్పించారు. వాళ్లలో 32 శాతం మంది జబ్బు నుంచి బయటపడ్డారు. ఊరికే కబుర్లతో తోడు నిలిచిన రెండో గుంపులో 8 శాతమే. చిన్న అధ్యయనమే, కానీ ఒకటి గమనించాలి: వాళ్లలో చాలామంది అప్పటికే మందులో కౌన్సెలింగో తీసుకుంటున్నవాళ్లు, వాటిని మానలేదు.

ఎవరో ఫోలిక్ యాసిడ్ వేసుకోమన్నారు. డాక్టరు గారు వెంటనే వద్దన్నారు. బి12 తక్కువున్నవాళ్లు అదొక్కటే వాడితే రక్తం రిపోర్టు బాగుపడుతుందట, లోపల నరాలు మాత్రం చెడుతూనే ఉంటాయట.

ఇప్పుడు గ్యాస్ టాబ్లెట్ అవసరమైతేనే. దిగులు ముసిరిన రోజు ఆకలి కోసం ఎదురుచూడను, టైముకి పెరుగో పాలో కొంచెమైనా తీసుకుంటాను. అక్క ఏళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది, బి12 చూపించుకోమని వెంటపడుతున్నాను. "నా బుర్ర బాగానే పనిచేస్తోందిలే" అని కసురుకుంటూనే, ఈసారి షుగర్‌కి రక్తం ఇచ్చేటప్పుడు దీన్నీ కలిపి రాయించడానికి ఒప్పుకుంది.