చెవి మెత్తలు మారాక

"ఎడమ పక్క మెట్లెక్కుతున్నాడు చూడు" అని షూటింగ్ గేమ్ ఆడుతూ నేనంటే, "నీకెలా వినబడిందన్నయ్యా?" అని తమ్ముడు ఆశ్చర్యపోయాడు. అదే పాత హెడ్‌సెట్. ఈ రోజు మార్చింది చెవి మెత్తలు మాత్రమే.

పాతవి లెదరెట్‌వి, అంటే తోలులా కనిపించే కృత్రిమ తోలువి. మన వైజాగ్ ఉక్కపోతకి పైపొర పాడైపోయి, తీసిన ప్రతిసారీ నల్లటి పెచ్చులు చెవులకీ మెడకీ అంటుకునేవి. ఇప్పుడు వేసినవి మఖమల్ లాంటి వెలోర్ గుడ్డవి. గాలి ఆడుతుంది, చెమట తక్కువ, కళ్ళజోడు కాడలు కణతల మీద నొక్కడం లేదు.

సౌండ్ మాత్రం మారింది. లెదరెట్ చెవి చుట్టూ గట్టిగా మూసేస్తుంది కాబట్టి బేస్ నిండుగా ఉంటుంది, గుడ్డలోంచి అది కొంత బయటికి పోతుంది. గేమ్‌లో బాంబు పేలితే ఇదివరకటి దడ లేదు, కానీ ఆ మోత కింద అణిగిపోయిన అడుగుల చప్పుడు ఇప్పుడు తేటగా వస్తోంది. ఫ్యాన్ రొద కూడా వస్తోందనుకోండి, అది భరించొచ్చు. మెత్త మందం మారితే లోపలి స్పీకర్‌కీ చెవికీ మధ్య దూరం మారుతుంది, దాంతో కూడా సౌండ్ మారుతుంది, అందుకే కొనేటప్పుడు చుట్టుకొలతతో పాటు మందం కూడా చూడండి.

హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2 అనే గేమింగ్ హెడ్‌సెట్ డబ్బాలో రెండు రకాల మెత్తలూ పెట్టి ఇచ్చారు. అన్ని కంపెనీలూ అలా ఇస్తే ఎంత బాగుండు! మెత్త చిరిగిందని మంచి హెడ్‌సెట్ పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పాటలకి మాత్రం నాకు లెదరెటే ఇష్టం. ఇంకో జత కొనాలి. డాబాగార్డెన్స్ వైపు దొరికే షాపు తెలిస్తే చెప్పండి.