డంప్ ఉందా?

ఈ రోజు ఒక్క సమస్యా తీర్చలేదు. పొద్దుటి నుంచి ఒకే ప్రశ్న నన్ను తరిమింది: "డంప్ ఉందా?" అంటే, సర్వర్ పడిపోయిన క్షణంలో దాని మెమరీలో ఉన్నదంతా కాపీ తీసి పెట్టుకున్నావా అని. లేదు. ఎందుకు లేదో ఇక్కడ రాసుకుంటే కాస్త సిగ్గయినా తగ్గుతుందేమో.

తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగింది. మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ మీద, ఒక మెషీన్‌ను అనేక మెషీన్లుగా పంచే జడ్/వీఎం కింద నడిచే మా లినక్స్ గెస్టుల్లో (అలా పంచగా వచ్చిన సర్వర్లలో) ఒకటి పడిపోయి, తనంతట తానే లేచింది. నెలలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ "లేచింది కదా, చూద్దాంలే" అనుకుని పడుకున్నాం. ఈసారి లేచింది గానీ నెట్‌వర్క్ రాలేదు. ఎస్‌ఎస్‌హెచ్ లేదు, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే దారి లేదు. ఇక మిగిలింది 3270 కన్సోల్ అనే పాతకాలపు టెర్మినల్ తెర ఒక్కటే.

దానితో వేగినవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ. ఒక్కో లైనూ కొట్టి ఎంటర్ నొక్కాలి. కంట్రోల్-సి కావాలంటే టోపీ గుర్తు వేసి పక్కన సి కొట్టాలి. మామూలుగా వాడే వీఐ ఎడిటర్ పనిచేయదు. ఫైల్లో ఒక్క అక్షరం మార్చాలన్నా లైను లైనుగా మార్చే సెడ్ గానీ ఈడీ గానీ వాడాలి. స్క్రీన్ నిండితే కింద కుడి మూల "మోర్" అని కనిపిస్తుంది. కాసేపు చూసి, మనం చదివామో లేదో దానికి అనవసరం, తుడిచేస్తుంది.

నెట్‌వర్క్ కార్డును ఆఫ్‌లైన్ చేసి మళ్లీ ఆన్‌లైన్ చేద్దామని కమాండ్ కొట్టాను. ఈ మెషీన్‌లో ఒక కార్డంటే ఒక పరికరం కాదు, మూడు నంబర్లు: చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, డేటాకి ఒకటి. మూడింటినీ కలిపి ఒక గుంపు చేస్తేనే క్యూఈత్ డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం) దాన్ని కార్డుగా గుర్తిస్తుంది. ఎంటర్ నొక్కానో లేదో, నా కళ్లముందే కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, మళ్లీ కుప్పకూలింది. ప్రాసెసర్ ఎక్కడ ఆగిందో చెప్పే పీఎస్‌డబ్ల్యూ, రిజిస్టర్లు, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే కాల్ ట్రేస్ గబగబా పైకి పోతుంటే ఫోన్ తీసి ఫొటోలు కొట్టాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు చేయాల్సిన పనేనా ఇది! రెండు ఫొటోలు మసకగా వచ్చాయి. అదృష్టం, ఈసారి నెట్‌వర్క్‌తో సహా లేచింది.

కెర్నల్ అమ్మినవాళ్ల దగ్గర టికెట్ (సపోర్ట్ ఫిర్యాదు) తెరిచాను. తీవ్రత ఒకటి (అన్నిటికన్నా అత్యవసరం) అని పెడదామనుకున్నా గానీ సర్వర్ నడుస్తోంది కాబట్టి మనస్సాక్షి ఒప్పుకోక రెండు పెట్టాను. మొదటి జవాబు త్వరగానే వచ్చింది. సిస్టమ్ వివరాలు పోగుచేసే డీబీజీఇన్ఫో స్క్రిప్టు నడిపి దాని ఫలితం పంపండి. డంప్ పంపండి. ఇంకోటి, మీ కెర్నల్ "టెయింటెడ్" అని చూపిస్తోంది, బయటి మాడ్యూల్ (కెర్నల్‌లో అతికించిన ముక్క) ఏదో ఉంది, అది తీసేసి క్రాష్ మళ్లీ వస్తుందేమో చూడండి.

ఆ మాడ్యూల్ సెక్యూరిటీ వాళ్లది. తీయాలంటే వాళ్ల అనుమతి కావాలి. వాళ్లకు మెయిల్ పెట్టి, హార్డ్‌వేర్ అమ్మినవాళ్లకూ ఒక టికెట్ పెట్టి కూర్చున్నాను. డ్రైవర్ హార్డ్‌వేర్ వాళ్లు రాసిందే అని కెర్నల్ వాళ్లు, ఆ కెర్నల్‌కు సపోర్ట్ మీరు కొన్నది వాళ్ల దగ్గర కదా అని హార్డ్‌వేర్ వాళ్లు. మధ్యాహ్నం దాకా ఇదే వరస.

మా సీనియర్ ఒకాయన పక్కనే కూర్చుని నవ్వుతున్నారు. "నీకు కనీసం సోర్సయినా ఉందయ్యా," అన్నారు. 2000 ప్రాంతంలో ఈ మెషీన్ల మీదకు లినక్స్ కొత్తగా వచ్చినప్పుడు ఈ డ్రైవర్ సోర్సు (మనిషి చదవగల కోడ్) లేకుండా, మెషీన్‌కే అర్థమయ్యే ఆబ్జెక్ట్ కోడ్‌గానే వచ్చేది. ఏ కెర్నల్ కోసం కట్టారో ఆ కెర్నల్‌కే అతుక్కునేది. ప్యాచ్ వేసి కెర్నల్ మారిస్తే కొత్త మాడ్యూల్ వచ్చేదాకా నెట్‌వర్క్ ఉండేది కాదట. "అప్పుడు కాల్ ట్రేస్ చూసి ఏం చేసేవారండీ?" అంటే, "ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకునేవాళ్లం," అన్నారు.

ఇక అసలు సంగతి. డంప్ ఎందుకు లేదా అని డంప్ సెట్టింగులుండే డంప్‌కాన్ఫ్ ఫైల్ తెరిచాను. ప్యానిక్ (కెర్నల్ కుప్పకూలడం) వస్తే ఏం చేయాలన్న చోట "రీఐపీఎల్" అని ఉంది. అంటే సాక్ష్యం తీసుకోకుండా తిన్నగా రీబూట్. పక్కనే కామెంట్, "రాత్రిళ్లు లేవనవసరం లేకుండా." దాని చివర ఉన్న పొడి అక్షరాలు నావే. ఎవరికీ చెప్పకుండా ఫైల్ మూసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. మూసినా లాభం లేదు, అప్పటికే సీనియర్ చూసేశారు.

అక్కణ్ణుంచి సాయంత్రం దాకా డిస్కుల గొడవ. గెస్టుకు మెమరీ 32 జీబీ. మా దగ్గర ఖాళీగా ఉన్నవి 3390 మోడల్-9 డిస్కులు, ఫార్మాట్ చేశాక ఒక్కోదాంట్లో పట్టేది ఏడు జీబీ చిల్లర. ఐదు కలిపి బహుళ డిస్కుల డంప్‌గా జిప్‌ఎల్ అనే టూల్‌తో తయారుచేయాలి. స్టోరేజ్ వాళ్లను బతిమాలి ఐదూ సంపాదించాను. డంప్‌కాన్ఫ్‌లో "డంప్_రీఐపీఎల్" అని, అంటే ముందు డంప్, తర్వాతే రీబూట్ అని మార్చాను. మార్చి ఊరుకుంటే మళ్లీ అదే తప్పవుతుందని, టెస్ట్ గెస్టులోనూ ఇలాగే పెట్టి కావాలని ప్యానిక్ తెప్పించి చూశాను. మెమరీ అంతా ఐదు డిస్కుల్లోకి దిగి, గెస్ట్ తిరిగి లేచేసరికి గోళ్లన్నీ కొరికేశాను. డంప్ ఫైలును, దాన్ని చదివే క్రాష్ టూల్ తెరవగలిగింది. ఈ రోజు నేను గెలిచిందంటూ ఉంటే ఇదొక్కటే.

సాయంత్రం షిఫ్టు మారి టికెట్ ఇంకో ఇంజినీర్ చేతికి వచ్చింది. ఈయన తయారుగా ఉన్న ప్రశ్నలు అతికించే రకం కాదు. మసక ఫొటోలు కూడా చదివాడు. మూడు పరికరాల నంబర్లు అడిగాడు. బఫర్ కౌంట్ (డేటాను తాత్కాలికంగా ఉంచే ఖానాల సంఖ్య) ఎంత పెట్టారన్నాడు. 128 అన్నాను, ఒక్కో క్యూలో ఉండేవే 128. డ్రైవర్ తాలూకు డీబగ్ ట్రేస్ (అది చేసే పనుల చిట్టా) స్థాయి పెంచమని, ఎలా పెంచాలో కూడా రాశాడు. రికవరీ (కార్డును మళ్లీ లేపే) దారిలో వదిలేసిన బఫర్‌ను డ్రైవర్ మళ్లీ ముట్టుకుంటోందని తన అనుమానమట. "అనుమానమే. డంప్ లేకుండా నిరూపించలేను," అని చివర్లో రాశాడు. ఒక మనిషి తనకు తెలియనిది తెలియదని రాస్తే ఎంత ధైర్యం వస్తుందో! ఇంత సేపటికి నా సమస్య ఇంకొకరి సమస్య కూడా అయింది.

సెక్యూరిటీ వాళ్ల అనుమతి ఇంకా రాలేదు.

ఇప్పుడు రాత్రి పదకొండు. డిస్కులు సిద్ధం, ట్రేస్ నడుస్తోంది, రావయ్యా క్రాషూ అని కూర్చున్నాను. అప్‌టైమ్ (పడకుండా నడిచిన సమయం) 18 గంటలు. ఇందాకే మేనేజర్ నుంచి మెసేజ్: "ఇప్పుడంతా బాగానే ఉంది కదా, టికెట్ క్లోజ్ చేసేద్దామా?"

వద్దండీ, అని పెట్టాను.